తెల్ల బెల్లం

మా ఆయనకి ముక్కుంది గాని వాసన తెలియదు. చిన్నతనంలో ఏదో విషజ్వరం వచ్చి, పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపోయిందట. పెళ్లిచూపుల్లో ఈ సంగతి వాళ్లు చెప్పలేదు. ముక్కు చూడ్డానికి తీరుగానే ఉంది కాబట్టి మావాళ్లు అడగలేదు. కాపరానికొచ్చిన కొత్తలో వెన్న కాచి, ఇంగువ పోపు పెట్టి, గుమ్మంలో నిలబడి ఎదురుచూసేదాన్ని. ఆయన బడినుంచి వచ్చి, చెప్పులు విప్పి, "వంట ఇంకా మొదలుపెట్టలేదా?" అనేవారు. మాడిన పప్పునీ మాడని పప్పునీ ఒకే శ్రద్ధతో తినే మొగుడికి వండిపెట్టడాన్ని శిక్షల్లో ఏ శాస్త్రకారుడూ చేర్చలేదు. వాళ్లకి తోచి ఉండదు.

అటువంటి మనిషి గంధకం వ్యాపారంలో దిగారు. నర్సీపట్నం మొత్తంమీద ఆ వ్యాపారానికి తగిన ముక్కు మా ఆయనదొక్కటేనని నవ్వుకున్నాను. ఆ చెరకు గానుగల కాలం పూర్తయ్యేసరికి నా దగ్గర నవ్వు మిగల్లేదు.

అది పందొమ్మిది వందల ఇరవై ఏడో సంవత్సరం. ఆలోచన మా ఆయనది కాదు, మామగారిది. సూర్యనారాయణమూర్తిగారు తాలూకా కచేరీలో శిరస్తాదారు పని చేసి పింఛను పుచ్చుకున్నారు. ఊరికి మాత్రం ఇంకా శిరస్తాదారుగారే, ఇంట్లో మాకూ శిరస్తాదారుగారే. కొడుకు భానుమూర్తి బడిపంతులుగా మిగిలిపోయాడని ఆయన దిగులు. కాకినాడ రేవులో గంధకం దింపుకునే కంపెనీ ఒకటి మా తాలూకాకి ఏజెంటుని వెతుకుతోందని తెలిసి కొడుకు పేరు రాయించేశారు.

ఎక్కడో ఇటలీ దగ్గరి లంకలో కొండలు తవ్వి, ఆ రాయిని బట్టీల్లో కాల్చి, కరిగి కారినదాన్ని కడ్డీలుగా పోసి ఓడలకెక్కిస్తారట. ఆ కడ్డీలు నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగి, ఎడ్లబళ్ల మీద వచ్చి, మా వీధిగదిలో బస్తాలకి బస్తాలు కూర్చున్నాయి. చూడ్డానికి పెద్ద పసుపుకొమ్ముల్లా ముచ్చటగానే ఉండేవి. కొనేవాళ్లే లేరు. బాణసంచా కట్టేవాళ్లు కొంటారనుకున్నారు. మన్యంలో దొరల మీద లేచిన ఫితూరీ అణిగి ఏళ్లు తిరిగినా, తుపాకీమందులోకి పోతుందేమోనని గంధకం ఎవరు కొన్నా పోలీసులు ఆరా తీసేవారు. శిరస్తాదారుగారి పలుకుబడికి అమ్మడానికి అనుమతి దొరికింది. కొనడానికి ధైర్యం మాత్రం ఆయన పలుకుబడితో దొరకలేదు. ఇక మిగిలింది గజ్జి మందు నూరే వైద్యులు. వాళ్లు చిటికెడు చిటికెడు పట్టుకెళ్లేవారు. ఆ లెక్కన మా బస్తాలు ఖర్చవ్వాలంటే తాలూకా తాలూకా అంతా కూర్చుని గోక్కోవాలి.

ఈలోగా వీధిగది గూట్లో ఉండే మా అత్తగారి వెండి కుంకుమభరిణె నల్లబడింది. "కాలేజీల్లో వెండి తోమడం నేర్పరు కాబోలు" అన్నారావిడ. గంధకం పక్కన పెడితే వెండి నల్లబడుతుందని, కాలేజీల్లో నేర్పేది అదేనని చెప్పాను. భరిణె అక్కడే ఉంది, గంధకమూ అక్కడే ఉంది, మాట నాకు మిగిలింది.

నేను మద్రాసులో ఇంటర్మీడియట్ రెండేళ్లూ రసాయనశాస్త్రం చదివాను. మామగారికి ఇది గర్వం. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించకుండానే నా చదువు చూపించేవారు, గోడకి తగిలించిన లేడికొమ్ముల్లాగ. ఒక శుక్రవారం అత్తగారు పూజకి తెప్పించుకున్న ఎర్ర గులాబీని చూసేసరికి నాకు మా మేష్టరమ్మగారి తమాషా గుర్తొచ్చింది. పెంకులో గంధకం ముక్క వెలిగించి, పక్కన పువ్వు పెట్టి, పైన గాజుకూజా బోర్లించాను. చూస్తూండగా పువ్వు తెల్లబడిపోయింది. అప్పుడే పెరట్లోకి వచ్చిన మా ఆయన కళ్లు పెద్దవి చేసుకుని మరో పువ్వు పెట్టమన్నారు. అదీ తెల్లబడింది.

"రంగు ఎక్కడికీ పోలేదు, లోపలే దాగుంది, గాలికి ఉంచితే తిరిగొస్తుంది" అన్నాను. ఆ మాట ఆయన వీపుతో అన్నాను. ఆయన అప్పటికే వాళ్ల నాన్నగారి గదివైపు వెళ్లిపోతున్నారు.

అత్తగారు ఆ తెల్ల పువ్వుని అమ్మవారి దగ్గర పెట్టారు. మర్నాడు దాని రేకుల అంచుల్లో ఎరుపు మళ్లీ వచ్చింది. ఆవిడ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, నన్ను కూడా పిలిచి దణ్ణం పెట్టుకోమన్నారు. అంత సంతోషంగా ఉన్న మనిషికి పాఠం చెప్పబుద్ధి కాలేదు. పెట్టుకున్నాను.

పువ్వు తెల్లబడ్డ సాయంత్రమే తండ్రీకొడుకులిద్దరూ బండి కట్టించుకుని నాతవరం దారిలో ఉన్న లోవరాజు గానుగపాకకి వెళ్లారు.

లోవరాజు ఎవరో చెప్పాలి. మాకు ఆ దారిలో కొద్దిపాటి చెరకు ఉండేది. పక్క చేను ఆయనది. మా చెరకూ ఆయన చెరకూ ఆయన గానుగలోనే ఆడేవి, ఆయన పెనంలోనే వండేవారు. లోవరాజు బెల్లానికి మెరిసే రంగు లేదు, ముదురు గోధుమరంగు. వానాకాలంలో అందరి బెల్లమూ చెమర్చి కారిపోతుంటే ఆయన దిమ్మ మాత్రం రాయిలా ఉండేది. అందుకే ఆయన గానుగలకాలంలో అమ్మకుండా వానలదాకా దాచేవాడు. అనకాపల్లి షావుకారు మన్మథరావుగారు అందరి దిమ్మలూ కొట్టించి, నాలిక మీద వేసుకుని చూసి పుచ్చుకునేవారట. లోవరాజు బళ్లు వస్తే మాత్రం చూడకుండా దింపించుకునేవారు. ఆ "చూడకుండా" అన్నమాట లోవరాజు భార్య కామమ్మ చెప్పేటప్పుడు వినాలి. మనం మన పిల్లల పరీక్షల గురించి కూడా అలా చెప్పుకోం.

మొదటి పెనం దింపేరోజు ఆడవాళ్లం కూడా వెళ్లాం, గానుగకి పసుపూ కుంకుమా పెట్టడానికి. పాకలో కొత్త సరంజామా కనిపించింది. కమ్మరిచేత చేయించిన మూతపొయ్యి, దానికో ఇనపగొట్టం, గొట్టం చివర చెరకురసం పీపా. పొయ్యిలో మా వీధిగది గంధకం నీలిమంటతో కాలుతోంది. కొలిమితిత్తి నొక్కితే పొగ గొట్టంలోంచి రసంలోకి బుడబుడమంటూ పోతోంది. తిత్తి దగ్గర కూర్చున్నది కామమ్మ. పైట ముక్కుకి చుట్టుకుంది. కళ్లు రెండూ మిరపపళ్లలా ఉన్నాయి. దగ్గు ఆపుకుని నన్ను కూర్చోమంది.

గొట్టం అతుకులు కారుతున్నాయి, పొయ్యి గాలిలో పెట్టించండి, ఆవిణ్ణి లేపండి అని మా ఆయనతో అన్నాను. మామగారు విని, గంధకం పొగ ఒంటికి మంచిదని, ఊపిరితిత్తుల్లో క్రిములు చస్తాయని, దొరలు ఆస్పత్రి గదులకి కూడా పట్టిస్తారని చెప్పారు. నేను లోపలికి వెళ్లి పీట తెచ్చి, పొయ్యి పక్కన వేసి, "కూర్చోండి మామగారూ" అన్నాను. ఆయనకి వెంటనే కచేరీలో పని గుర్తొచ్చింది. పింఛను పుచ్చుకున్నాక ఆయనకి కచేరీలో పని గుర్తురావడం అదే మొదలు.

బెల్లం మాత్రం మీగడ రంగులో వచ్చింది. చుట్టుపక్కల రైతులు చూసి నోళ్లు తెరిచారు. లోవరాజు ఒక్కడే దిమ్మ మీద చెయ్యి వేసి, తీసి, వేళ్లు ఒకదానికొకటి రాసుకుని చూసుకున్నాడు. వారం తిరక్కుండా మా వీధిగది ముందు బళ్లు ఆగడం మొదలుపెట్టాయి. బస్తాలు కదిలాయి. మామగారు పెద్ద గొంతుకతో దగ్గారు, అంటే సంతోషంగా ఉన్నారని. కామమ్మ దగ్గు వేరే రకం.

శివరాత్రి వెళ్లాక ఒకరోజు పరమాన్నం చేశాను. కొత్త బెల్లం వేయగానే పాలు విరిగిపోయాయి. గిన్నెలో ఏదైనా పులుపు ఉందేమోనని కడిగి మళ్లీ పెట్టాను. మళ్లీ విరిగాయి. అప్పుడు బెల్లం ముక్క నాలిక మీద వేసుకున్నాను. తీపి వెనకాల సన్నగా పులుపు. అటక మీంచి దిమ్మ దింపి చూద్దునుగదా, మీగడరంగు పైనుంచి పోతోంది. చింతపండు రంగు వస్తోంది, వేలు పెడితే అంటుకుంటోంది. లోవరాజు మామూలు బెల్లం పోయిన ఏటిది ఇంకా అడుగున కొంచెం ఉంది. అది కొడితే ఖణేలుమంది.

విరిగిన పరమాన్నమే అందరికీ వడ్డించాను. మా ఆయన బాగుందని మారు వేయించుకున్నారు. మామగారు ఒక్కసారి నోట్లో పెట్టి, ఆకు జరిపి, ఏమిటిదని అడిగారు.

చెప్పాను. గులాబీ సంగతి కూడా చెప్పాను, ఈసారి ఎదురుగా నిలబడి, చివరిదాకా. పొగతో వచ్చిన తెలుపు నిలవదని. రసంలో మిగిలిన పులుపుకి బెల్లం చెమరుస్తుందని. వేసవి తిరిగేలోగా నల్లబడుతుందని, వానలకి కారిపోతుందని.

మామగారు శ్రద్ధగా విన్నారు. నేను కాపరానికొచ్చాక నా మాట ఆయన అంత శ్రద్ధగా వినడం ఎన్నడూ లేదు. నేను వెర్రిదాన్ని, ఆయన లోవరాజు గురించి ఆలోచిస్తున్నారనుకున్నాను.

"అయితే రేపే బళ్లు కట్టించు, భానూ. మనవి బేగి కదిలిపోవాలి. తెల్లగా ఉన్నవి పైన పేర్పించు" అన్నారు.

లోవరాజు వానలదాకా దాచుకుంటాడని, ముందు ఆయనకి కబురు చెయ్యాలని అన్నాను. అందరి బళ్లూ ఒక్కసారే బజారెక్కితే కొనేవాడికి అనుమానం రాదా అని మామగారు నన్నే తిరిగి అడిగారు. మన సరుకు దాటాక చూద్దామన్నారు. అతని సరుకు అతనిష్టమన్నారు. నేను మా ఆయనవైపు చూశాను. ఆయన విస్తరి అంచున ఉన్న మెతుకుని వేలితో జరుపుతున్నారు.

"చూద్దాంలే" అన్నారు.

నాకు కోపం వస్తే గిన్నెలు మోగుతాయని మా ఇంట్లో సామెత. ఆ పూట ఒక్క గిన్నె మోగలేదు. మోగించడానికి అది చాలదనిపించింది. ఒక మనిషి ఏడాది కష్టం అతని ఇంట్లో కుళ్లిపోతోందని తెలిసి, అతని గానుగలో ఆడించుకున్నది మనం మాత్రం అమ్మేసుకుని, చేతులు కడుక్కుని తాంబూలం వేసుకునే ఇంట్లో నేను దీపం పెడుతున్నాను. ఆ దీపం కూడా పొగ పడుతున్నట్టే ఉంది.

మా బళ్లు వెళ్లిన మర్నాడు అత్తగారి దగ్గరికి వెళ్లి కామమ్మకి దగ్గుమందు ఇచ్చి వస్తానన్నాను. వద్దంటారనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, లోపలికి వెళ్లి, తేనెసీసా తెచ్చి చేతిలో పెట్టారు. "తొందరేం లేదు, నిమ్మళంగా మాటాడి రా" అన్నారు. భరిణె విషయంలో నేనావిణ్ణి అప్పుడే క్షమించేశాను.

లోవరాజు ఇంట్లో నడిగది నిండా దిమ్మలు పేర్చి తాటాకు చాపలు కప్పి ఉన్నాయి. ఆయన చాప ఎత్తి నాకు చూపించాడు. అడుగువరసలు అప్పటికే రంగు తిరుగుతున్నాయి. చీకటి గది, ఆయన గమనించలేదో, గమనించి కూడా నమ్మలేదో. నేను సంగతి చెప్పాను. వానలదాకా ఉంచొద్దని, దాచుకునే సరుకు కాదని చెప్పాను. కామమ్మ తలుపు పట్టుకుని వింటోంది. ఆవిడ గొంతు అప్పటికి ఉత్త గాలయిపోయింది.

లోవరాజు చాప దించాడు. తరవాత నెమ్మదిగానే అడిగాడు.

"మీరే కదమ్మా మంచిదని సెప్పినారు?"

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆయనకి తెలిసింది.

"నాను వొద్దన్నాను, అమ్మగోరూ. నా బెల్లం రంగుకి కొనరు, నిలవకి కొంతారు అన్నాను. శిరస్తా బాబు ఏటన్నారు? మా కోడలు మద్రాసులో సదివింది, ఈ ఇద్య ఆవిడదే, ఆవిడకన్నా నీకు ఎక్కువ తెలుసేటి అన్నారు. బాను బాబు పక్కనే ఉన్నారు, అవునన్నారు. మీ మాట మీద ఒప్పుకున్నాను."

నేను చెప్పలేదు అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. నిజమే, కాని ఆ గదిలో దానితో ఎవరికీ పనిలేదు. లోవరాజు ఒక దిమ్మని నేలకేసి కొట్టాడు. అది పగల్లేదు, ఒక పక్కకి అణిగింది. ముక్క గిల్లి నోట్లో వేసుకుని, చప్పరించి, వాకిట్లోకి వెళ్లి ఉమ్మి వచ్చాడు.

"మీ బళ్లు ఎప్పుడెళ్లినాయి?" అన్నాడు.

"నిన్న."

ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. అంతే. కామమ్మ ఆ గాలిగొంతుకతోనే, "ఎండలో ఒచ్చినారు, మజ్జిగ తాగుతారా?" అంది. తాగాను.

ఆ తరవాతి సంగతి విన్నదే. లోవరాజు బళ్లు కట్టుకుని అనకాపల్లి వెళ్లాడు. షావుకారు మన్మథరావుగారు ఎప్పటిలాగే చూడకుండా దింపమన్నారట. లోవరాజు దింపనివ్వలేదు. ఇది పొగ పట్టిన బెల్లం, దాచొద్దు, వచ్చిన ధరకి ఇప్పుడే వదిలించుకోండి అని చెప్పాడట. అమ్ముకునేవాడు తన సరుకుని తానే తిట్టుకోవడం ఆ బజారు అంతకుముందు చూడలేదట. షావుకారుగారికి అప్పుడు అనుమానం వచ్చింది. అదే గానుగ బెల్లమని నమ్మి, అంతకుముందే దింపించుకున్న శిరస్తాదారుగారి దిమ్మలు ఆయన వానలకోసం కొట్టులో దాచి ఉంచారు.

ఒకరోజు మధ్యాహ్నం మన్మథరావుగారు మా ఇంటికే వచ్చారు. వెంట లోవరాజు ఉన్నాడు. కామమ్మ పెరటివైపు వచ్చి నా దగ్గర కూర్చుంది. ఆదివారం కాబట్టి మా ఆయన వీధరుగు మీద పిల్లల పరీక్షకాగితాలు దిద్దుకుంటున్నారు. మామగారు పడక్కుర్చీలో ఉన్నారు. నేను తలుపు వెనకాల ఉన్నాను. కాలేజీలో చదువుకున్న కోడళ్లు వినేది కూడా అక్కణ్ణుంచే.

షావుకారుగారు మర్యాదగానే అడిగారు. శిరస్తాదారుగారి బెల్లానికీ పొగ పట్టారా అని.

మామగారు తడుముకోలేదు. తమ బెల్లానికి ఏ పొగా తగల్లేదన్నారు. లోవరాజు గంధకం కొన్నమాట నిజమేనన్నారు. పాపం, చదువులేనివాడు, కొలత తప్పి సరుకు పాడుచేసుకుని ఉంటాడన్నారు. అతని పెనం పక్కన వండినందుకు తమ దిమ్మలకి కూడా ఆ దోషం సోకిందేమోనని విచారం కూడా వెలిబుచ్చారు.

మన్మథరావుగారు తల పంకించారు. కచేరీలో పెద్ద పని చేసినవారి మాట కాదనలేరు కదా. లోవరాజు వైపు తిరిగి, కోపం లేకుండా, "ఇక మీదట నీ దిమ్మలు కొట్టించి చూసి పుచ్చుకుంటానోయ్, ఏమనుకోకు" అన్నారు.

లోవరాజు ఏమీ అనుకోలేదో, అనుకున్నది బయటికి రాలేదో. నా పక్కన కామమ్మ దగ్గబోయి ఆపుకుంది. ఆ ఆపుకోవడం నాకు వినబడింది.

మామగారికి ఇంకా బలం కావలసొచ్చింది కాబోలు, ఇటు తిరిగి పిలిచారు. "అమ్మాయ్, శారదా, ఇలా రా. గంధకం కొలత తప్పితే ఏమవుతుందో షావుకారుగారికి చెప్పు. మా కోడలండీ. మద్రాసులో చదువుకుంది."

పరాయి మగవాళ్ల ముందుకి ఆయన నన్ను పిలవడం అదే మొదలు. కొంగు సర్దుకుని వచ్చి నిలబడ్డాను.

"తెల్లబడుతుందన్న మొదటి సగం చెప్పమంటారా మామగారూ, రెండో సగమా?" అన్నాను. "మొదటి సగం మీరు నా పేరు పెట్టి తాలూకా అంతా చెప్పేశారు. ఇక మిగిలింది రెండోదే."

లోపలికి పొమ్మన్నారు. నేను వెళ్లలేదు. మళ్లీ అన్నారు, ఈసారి కచేరీ గొంతుకతో. నేను అక్కడే నిలబడి మా ఆయనని చూశాను. ఎన్ని రోజులనుంచో ఆ విస్తరి అంచు మెతుకుని చూస్తున్న మనిషి, ఆ రోజు చూడ్డానికి మెతుకు లేక, లోవరాజుని చూశారు.

కాగితాలు పక్కన పెట్టి లేచారు.

"నాన్నగారూ, ఉండండి" అన్నారు. తండ్రిని ఉండమనడం ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ విన్నది కాదు, ఆయనతో సహా. "షావుకారుగారూ, మా చెరకూ వాళ్ల చెరకూ ఒక్క పీపాలోనే పొగ పట్టాం. కొలత నేను చెప్పిందే. అతను వద్దన్నాడు. మా ఆవిడ పేరు చెప్పి ఒప్పించాం. ఆవిడ అలా చెప్పలేదు. ఇది నిలవదని ఆవిడ చెప్పాక, తెలిసి తెలిసి మా బళ్లు తోలుకున్నాం. ఇతనికి కబురు చెయ్యలేదు."

"ఒరే, నోరు ముయ్యి" అన్నారు మామగారు.

మా ఆయన ముయ్యలేదు. అరుగు దిగి, వీధిలో చెప్పులు లేకుండా నిలబడ్డ లోవరాజుకి ఎదురుగా, తానూ చెప్పులు లేకుండా నిలబడ్డారు. క్లాసులో చివరి బల్లకి వినబడే గొంతుక ఆయనది. అప్పుడు మాత్రం దగ్గరివాళ్లకే వినబడింది.

"మీ బెల్లం పాడుచేసింది నేనే, లోవరాజుగారూ. తప్పు నాది."